వాగు నీటికి ఎన్ని సెకన్లు?

వానలు పడి వాగులు, చెరువుల మత్తళ్లు పారడం మొదలైన దగ్గర నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. షటర్‌ను కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచి, పారే నీటిని నునుపుగా, తెల్లటి చారలుగా చూపించే లాంగ్ ఎక్స్‌పోజర్ ఫొటోలు ఎలా తీయాలన్నదే ఆ ప్రశ్న. అందువల్ల ఈసారి ఆ ఉత్తరాలకే జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాం.

ప్రశ్న: ఆదివారం మధ్యాహ్నం బొగత జలపాతానికి వెళ్లాను. నా దగ్గర డీఎస్ఎల్ఆర్ కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. ఐఎస్ఓ 100లో ఉంచి, షటర్‌ను ఒక సెకనుకు పెడితే ఫొటో అంతా తెల్లగా తేలిపోయింది. అపర్చర్‌ను ఎఫ్/22 దాకా మూసినా లాభం లేకపోయింది. నేను చేస్తున్న పొరపాటు ఏమిటి? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: మీ సెట్టింగుల్లో పొరపాటేమీ లేదు. ఆ వేళప్పుడు అక్కడున్న వెలుగే మీరు కోరుకున్న ఫొటోకు చాలా ఎక్కువ. లెక్క వేసి చూడండి. నడి ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/16 దగ్గర సరైన ఎక్స్‌పోజర్ సుమారు 1/125 సెకను ఉంటుంది. ఎఫ్/22కు వెళితే అది 1/60 అవుతుంది. మీరు షటర్‌ను ఒక సెకను తెరిచారు కాబట్టి సెన్సర్ మీద అవసరమైన దానికి అరవై రెట్లు వెలుగు పడింది. స్టాపుల్లో (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు లేదా సగం అవుతుంది) చెప్పాలంటే దాదాపు ఆరు స్టాపులు. అంత తేడాను ఏ అపర్చరూ సరిచేయలేదు. పైగా ఎఫ్/22 దగ్గర కాంతి సన్నటి రంధ్రం గుండా వెళ్లేటప్పుడు వంగి చెదరడం వల్ల రాళ్ల మీది సూక్ష్మమైన వివరాలు మెత్తబడిపోతాయి. మీ కెమెరాలాంటి వాటిలో ఎఫ్/8 నుంచి ఎఫ్/11 వరకు వాడుకోవడం మేలు, తప్పనిసరైతే ఎఫ్/16 దాకా వెళ్లవచ్చు.

ఇక దారులు రెండు. వెలుగు తక్కువగా ఉన్నప్పుడు వెళ్లడం ఒకటి, లెన్స్‌కు ముందు ఎన్‌డీ ఫిల్టర్ బిగించి వెలుగును తగ్గించడం రెండోది. డబ్బు ఖర్చు లేనిదని మాత్రమే కాకుండా, ఫొటో బాగా వస్తుంది కాబట్టి కూడా నేను మొదటి దారినే ముందు చెబుతాను. ముసురు పట్టిన రోజున బయట వెలుగు ఎండలో కంటే మూడు స్టాపుల వరకు తగ్గుతుంది. చెట్ల నీడలో పారే వాగు దగ్గర ఇంకో రెండు స్టాపులు తగ్గి, ఎఫ్/16 వద్ద 1/4 సెకను ఏ ఫిల్టరూ లేకుండానే దొరుకుతుంది. దానికి పోలరైజర్ (మెరుపుతో పాటు కొంత వెలుగును కూడా తగ్గించే ఫిల్టర్) తోడైతే మీరు అడిగిన ఒక సెకను వచ్చేస్తుంది. అదే ఎండలో అయితే ఎంత మంచి ఫిల్టర్ పెట్టినా ఒక ఇబ్బంది అలాగే మిగులుతుంది: ఎండ తగిలిన నురుగుకూ నీడలో ఉన్న నల్లరాతికీ మధ్య వెలుగు తేడా చాలా ఎక్కువ కాబట్టి, నురుగులో వివరం పోతుంది, లేదంటే రాయి గుర్తుపట్టలేనంత నల్లబడుతుంది. ఫిల్టర్ రెండింటినీ సమానంగా తగ్గిస్తుందే తప్ప వాటి మధ్య తేడాను తగ్గించదు.

ఫిల్టర్ కొనాలనుకుంటే వాటి పేర్లలోని అంకెల అర్థం తెలుసుకోండి. ఎన్‌డీ 8 వెలుగును ఎనిమిదో వంతుకు, ఎన్‌డీ 64 అరవై నాలుగో వంతుకు, ఎన్‌డీ 1000 దాదాపు వెయ్యో వంతుకు తగ్గిస్తాయి. మీరు వెళ్లిన ఆ ఎండలో ఎఫ్/16 వద్ద ఇవి వరుసగా 1/15 సెకను, అర సెకను, ఎనిమిది సెకన్లు ఇస్తాయి. జలపాతాలకూ వాగులకూ ఎన్‌డీ 64 సరిపోతుంది. ఎన్‌డీ 1000 గోదావరి లాంటి వెడల్పాటి నది కోసం తర్వాత కొనవచ్చు. తిప్పుతూ వెలుగు తగ్గించుకునే వేరియబుల్ ఎన్‌డీ సౌకర్యంగా కనిపిస్తుంది కానీ, వైడ్ లెన్స్ మీద దాన్ని చివరిదాకా తిప్పితే ఫొటోలో అడ్డంగా నల్లటి ఇంటూ మార్కు పడుతుంది. ఫిల్టర్ సైజు లెన్స్ ముందు అంచు మీద మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది, చూసి కొనండి. రేపు పెద్ద లెన్స్ కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే పెద్ద సైజు ఫిల్టర్ తీసుకుని, స్టెప్-అప్ రింగుతో బిగించుకోవడం పొదుపు.

బాగా నల్లని ఫిల్టర్ పెట్టాక కెమెరా ఫోకస్ చేయలేక తడుముకుంటుంది. అందువల్ల ఫ్రేము, ఫోకస్ ముందే చూసుకుని, ఫోకస్‌ను మాన్యువల్‌లోకి మార్చి, ఆ తర్వాతే ఫిల్టర్ బిగించండి. డీఎస్ఎల్ఆర్‌లో పెద్ద ఎక్స్‌పోజర్ సమయంలో వ్యూఫైండర్ లోంచి కూడా వెలుగు లోపలికి దూరి ఫొటోను పాడు చేస్తుంది కాబట్టి దాన్ని మూసి ఉంచండి.

ప్రశ్న: ఒకరు పావు సెకను చాలంటారు, మరొకరు రెండు సెకన్లు ఉండాలంటారు, ఇంకొకరు ముప్పై సెకన్లు లేనిదే లాభం లేదంటారు. పాకాల చెరువు మత్తడి పడుతున్నప్పుడు ఫొటోలు తీయాలని ఉంది. అసలు పారే నీటికి సరైన షటర్ సమయం ఎంత? (డిగ్రీ విద్యార్థిని, నర్సంపేట)

జవాబు: ఆ ముగ్గురూ నిజమే చెప్పి ఉండవచ్చు. ఎవరు చూసిన నీళ్ల గురించి వాళ్లు చెప్పారు. షటర్ సమయాన్ని తేల్చేది నీటి వేగం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ నీరు మీ ఫ్రేమును ఎంతసేపట్లో దాటుతుందన్నదే అసలు సంగతి. దీన్ని పట్టికల్లో వెతకనవసరం లేదు, అక్కడే నిలబడి కొలుచుకోవచ్చు.

ముందు కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి ఫ్రేము కుదుర్చుకోండి. తర్వాత కెమెరాను వదిలేసి నీటిని చూడండి. ఒక నురుగు ముద్దనో, కొట్టుకొచ్చే ఆకునో ఎంచుకుని, అది ఫ్రేములో ఒక అంచున ప్రవేశించి రెండో అంచున బయటికి వెళ్లేదాకా సెకన్లు లెక్కపెట్టండి. దీన్ని దాటే సమయం అనుకుందాం. దాటే సమయంలో పదో వంతు షటర్ తెరిస్తే నీటిలో పొట్టి చారలు వస్తాయి, ప్రవాహంలోని బలం, ఎత్తుపల్లాలు కనిపిస్తూనే ఉంటాయి. నాలుగో వంతు తెరిస్తే చారలు పొడుగై, మెత్తబడతాయి. పూర్తి దాటే సమయమంతా తెరిచి ఉంచితే చారలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మొదలవుతుంది. అంతకు నాలుగైదు రెట్లు తెరిస్తే నీరంతా పొగమంచే.

ఉదాహరణకు సెకనుకు ఒక మీటరు వేగంతో పారే వాగును అడ్డంగా చూస్తున్నారనీ, మీ ఫ్రేములో ఐదు మీటర్ల మేర వాగు పడుతోందనీ అనుకోండి. దాటే సమయం ఐదు సెకన్లు. అర సెకను నుంచి ఒకటింబావు సెకను దాకా మీకు మంచి చారలు వస్తాయి. అక్కడే నిలబడి జూమ్ చేసి, ఒక బండ చుట్టూ ఒక్క మీటరు నీటినే ఫ్రేములోకి తీసుకుంటే దాటే సమయం ఒక్క సెకనే. ఇప్పుడు 1/10 నుంచి 1/4 సెకను చాలు. వాగు అదే, నీరు అదే, కావలసిన సమయం మాత్రం ఐదో వంతుకు తగ్గింది. నీరు అడ్డంగా కాక మీ వైపే ఎదురుగా వస్తుంటే ఫ్రేములో దాని కదలిక తక్కువగా కనిపిస్తుంది కాబట్టి సమయం పెంచాలి.

జలపాతాలకూ ఇదే లెక్క. మూడు మీటర్ల ఎత్తు నుంచి అడ్డు లేకుండా పడే నీరు కిందికి చేరడానికి సుమారు 0.8 సెకను పడుతుంది. కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. అంత ఎత్తు నుంచి నీరు ఎక్కడా తగలకుండా పడినా మూడు సెకన్లు పడుతుంది, అక్కడ బండల మీదుగా మెట్లు మెట్లుగా దిగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే కుంటాలను దూరం నుంచి మొత్తంగా తీసేటప్పుడు అర సెకను కూడా చిన్నదిగానే అనిపిస్తుంది. దగ్గర నుంచి తీసే చిన్న మత్తడికి 1/8 సెకను దండిగా సరిపోతుంది. పెద్ద జలపాతం ఉరవడిగా పడుతుంది కనుక తక్కువ సమయం చాలని చాలామంది అనుకుంటారు. ఫొటోలో జరిగేది దానికి తలకిందులు.

ఇప్పుడు మీ పాకాల మత్తడి సంగతి. లాంగ్ ఎక్స్‌పోజర్ నేర్చుకోవడానికి మన ప్రాంతంలో చెరువు మత్తడిని మించిన చోటు లేదని నా అభిప్రాయం. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల దగ్గర నుంచి ఊరి చిన్న చెరువు దాకా నిండిన ప్రతి చెరువుకూ మత్తడి పడుతుంది, నీటి వేగం గంటల తరబడి పెద్దగా మారదు, ఒకే ఫొటోను మళ్లీ మళ్లీ వేర్వేరు సమయాలతో తీసి పోల్చుకోవచ్చు.

అయితే మత్తడిని దగ్గరగా గమనించండి. కట్టు మీది అంచున నీరు పలుచటి పొరగా, ఎంత నునుపుగా సాగుతుందంటే, దాని కింద రాతి అతుకులు, పచ్చటి పాకుడు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ భాగాన్ని 1/500 సెకనులో తీసినా రెండు సెకన్లలో తీసినా పెద్ద తేడా ఉండదు. జానెడు కిందికి వచ్చేసరికి ఒక్కో రాతి మొన దగ్గర ఆ పొర చినిగి తెల్లటి గీతలు మొదలవుతాయి. ఇక అడుగున నీరు గుంటలో పడి సుడి తిరుగుతుంది, అక్కడ నురుగు మెల్లగా గుండ్రంగా కదులుతూ ఉంటుంది. అంటే ఒకే ఫ్రేములో మూడు రకాల నీళ్లు, మూడు వేగాలు ఉన్నాయి. మధ్య భాగం 1/8 సెకను అడుగుతుంది, అడుగున తిరిగే నురుగు ఐదారు సెకన్లు అడుగుతుంది. రెండింటినీ ఒకే ఫొటోలో తృప్తిపరచలేం. ఆ ఫొటో దేని గురించో ముందే తేల్చుకోవాలి.

సుడి మీద మనసు పడితే పైభాగాన్ని ఫ్రేములోంచి తీసేసి, కెమెరాను కిందికి వంచి, ఎన్‌డీ 64 పెట్టి నురుగు ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయాన్ని లెక్కించండి. పది సెకన్లు పడితే, ఐదు సెకన్ల ఫొటోలో ప్రతి నురుగు చుక్కా అర్ధ వలయాన్ని గీస్తుంది, పది సెకన్ల ఫొటోలో వలయం పూర్తవుతుంది. నేల మీద నిలబడి ఎంతసేపు చూసినా ఆ వలయాలు కంటికి అందవు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఏ సమయం బాగుంటుందో అక్కడికక్కడే తేల్చేయకండి. ఫ్రేము కదపకుండా 1/8, 1/4, 1/2, 1, 2 సెకన్లలో ఒక్కో ఫొటో తీసి, ఇంటికి వచ్చాక పెద్ద తెర మీద పక్కపక్కన పెట్టి చూడండి. చాలామంది అవసరానికి మించి ఎక్కువసేపు షటర్ తెరుస్తారనీ, అలా తీసిన నీటిలో బరువు పోతుందనీ నాకు అనిపిస్తుంది. మన వాగుల్లో పనికొచ్చే ఫొటోలు ఎక్కువగా పావు సెకనుకూ ఒక సెకనుకూ మధ్యే ఉంటాయి.

ప్రశ్న: ఏటూరునాగారం దగ్గర ముల్లకట్ట వంతెన మీద నుంచి గోదావరిని పది సెకన్లతో తీశాను. ట్రైపాడ్ వాడినా ఫొటో స్పష్టంగా లేదు. ట్రైపాడ్ మంచిది కాదా? (ఒక పాఠకుడు, ములుగు)

జవాబు: ట్రైపాడ్‌ను అనుమానించకండి. లారీలు, బస్సులు వెళ్లిన ప్రతిసారీ వంతెన అదురుతుంది, ట్రైపాడ్ కూడా దానితో పాటు అదురుతుంది. 1/500 సెకనులో తెలియని ఆ అదురు పది సెకన్లలో తప్పకుండా తెలుస్తుంది. పైగా జాతీయ రహదారి వంతెన మీద వాహనాల పక్కన ట్రైపాడ్ వేసుకుని నిలబడటం ప్రమాదం కూడా. ఒడ్డుకు దిగండి. ఇసుకలో కాళ్లను గట్టిగా కిందికి నొక్కి, ఇక దిగవని నిశ్చయించుకున్నాకే ఫ్రేము చూసుకోండి. మధ్య కడ్డీని పైకి లేపకండి. ట్రైపాడ్ కాలు పారే నీటిలో ఉంటే నీటి తాకిడికే సన్నగా వణుకుతుంది. లెన్స్‌లో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్‌ను ఆపేసి, రెండు సెకన్ల టైమర్‌తో గానీ రిమోట్‌తో గానీ ఫొటో తీయండి.

ప్రశ్న: భీముని పాదం జలపాతం దగ్గర తీసిన ఫొటోల్లో నీరు బాగానే వచ్చింది కానీ, చుట్టూ ఉన్న ఆకులు, తడి రాళ్లు తెల్లగా మెరిసి పచ్చదనం పోయింది. కొమ్మలు కూడా కదిలిపోయాయి. (గృహిణి, మహబూబాబాద్)

జవాబు: ఆ తెల్లదనం ఆకుల మీద, రాళ్ల మీద ఉన్న తడి పొర ఆకాశాన్ని ప్రతిఫలించడం వల్ల వచ్చింది. పోలరైజర్ ఒక్కటే దీనికి మందు. తర్వాత కంప్యూటర్‌లో ఎంత దిద్దినా ఆ మెరుపు కింద దాగిన రంగు తిరిగి రాదు. ఫిల్టర్‌ను మెల్లగా తిప్పుతూ ఆకుల వైపు చూడండి, ఒక చోట పచ్చదనం ఒక్కసారిగా చిక్కబడుతుంది, అక్కడ ఆపండి. నీటిపై మెరుపును తగ్గించడంలో దీని ప్రభావం నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో కిందికి చూసినప్పుడు అన్నిటికంటే ఎక్కువ. అయితే నీటి మీది మెరుపంతా పోతే లోతు కూడా పోయినట్టు కనిపిస్తుంది కాబట్టి కొంత వదిలేయడమే అందం.

కొమ్మల కదలికకు గాలి ఆగేదాకా ఓపిక పట్టాలి. జలపాతం దగ్గర అది పూర్తిగా ఆగదు, పడే నీరే గాలిని తోస్తుంది. అప్పుడు అదే ఫ్రేములో ఐఎస్ఓ పెంచి 1/125 సెకనుతో ఇంకో ఫొటో తీసుకుని, ఆకులను దానిలోంచి, నీటిని మొదటి ఫొటోలోంచి తీసుకుని కంప్యూటర్‌లో కలపవచ్చు. లెన్స్ మీద తుంపర్లు పడుతూనే ఉంటాయి కాబట్టి ఒకటికి రెండు మెత్తటి పొడిగుడ్డలు దగ్గర ఉంచుకుని, ప్రతి ఫొటోకూ ముందు తుడవండి.

ప్రశ్న: వరద రోజుల్లో మా దగ్గర గోదావరి నిండుగా పారుతుంది. కానీ ఎన్ని సెకన్లు పెట్టి తీసినా తెల్లటి చారలు రావు, నీరంతా మట్టి పూసినట్టు ఉంటుంది. (సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని)

జవాబు: తెల్లటి చారలు నురుగు వల్ల వస్తాయి, నురుగు గాలి బుడగల వల్ల పుడుతుంది. నీరు రాళ్లకు తగిలి విరిగే చోటే అవి ఉంటాయి. లోతుగా, వెడల్పుగా పారే గోదావరిలో అలాంటి చోట్లు తక్కువ. పైగా ఒండ్రు కలిసిన నీరు వెలుగును అన్ని వైపులా ఒకేలా చెదరగొడుతుంది. ఉన్న చిన్న అలలను కూడా మీ లాంగ్ ఎక్స్‌పోజర్ చెరిపేస్తే మిగిలేది ఒక్కటే రంగు.

కాబట్టి పెద్ద నది దగ్గర చారల ఆశ వదులుకుని వేరే విషయం చూడాలి. కదలనిది ఏదో ఒకటి ఫ్రేములో ఉండాలి: ఘాటు మెట్లు, నీటిలో నిలిచిన బండ, వంతెన స్తంభం. స్తంభాన్ని ఒరుసుకుంటూ నీరు రెండుగా చీలి వెనుక మళ్లీ కలిసే చోట ఒకటి రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ ప్రవాహపు గీతలను చక్కగా చూపిస్తుంది. ఒడ్డుకు కట్టిన పడవ నిశ్చలంగా కనిపించినా ఊగుతూనే ఉంటుంది, పెద్ద ఎక్స్‌పోజర్‌లో అలికినట్టు వస్తుంది.

రెండో ఉపాయం ఆకాశం. నీటిని పైనుంచి చూస్తే దాని సొంత రంగు కనిపిస్తుంది. వాలుగా, దాదాపు నీటి మట్టం నుంచి చూస్తే ఆకాశపు ప్రతిబింబమే ఎక్కువగా కనిపిస్తుంది. కెమెరాను మోకాలి ఎత్తుకు దించి, పోలరైజర్ తీసేసి, సూర్యుడు దిగాక పదిహేను, ఇరవై సెకన్లతో తీయండి. ఎర్రటి వరద నీరే పడమటి ఆకాశపు రంగును పులుముకుంటుంది. కాళేశ్వరం సంగమం దగ్గర ఇంకో అవకాశం ఉంది. వార్ధా, వైన్‌గంగల నీటిని మోసుకొచ్చే ప్రాణహిత అక్కడ గోదావరిలో కలుస్తుంది. రెండు నదుల నీటి రంగు వేరుగా ఉన్న రోజున ముప్పై సెకన్ల ఎక్స్‌పోజర్ అలల గందరగోళాన్ని చెరిపివేసి, రెండు రంగులు కలిసే హద్దును తేటగా చూపిస్తుంది. పెద్ద ఎక్స్‌పోజర్‌కు నిజంగా పని ఉన్న చోటు అది.

చారలే కావాలంటే వరద తగ్గి నీరు తేటపడ్డాక, రాళ్లు బయటపడే కార్తీకం నాటికి వెళ్లండి.

ప్రశ్న: నా దగ్గర మొబైల్ మాత్రమే ఉంది. దానితో ఇలాంటి ఫొటోలు సాధ్యమేనా? (ఇంటర్ విద్యార్థి, భూపాలపల్లి)

జవాబు: సాధ్యమే, కానీ దారి వేరు. మొబైల్ లెన్స్ అపర్చర్ సాధారణంగా మారదు, ఎఫ్/1.8 దరిదాపుల్లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ముసురు రోజున ఐఎస్ఓ 50 పెట్టినా సరైన ఎక్స్‌పోజర్ 1/600 సెకను దగ్గరే ఉంటుంది. సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో పావు సెకను పెడితే ఫొటో తెల్లబడిపోవడానికి కారణం ఇదే. అందుకే ఫోన్లు చాలా ఫొటోలను వరుసగా తీసి, వాటిని సగటు చేసి, పెద్ద ఎక్స్‌పోజర్‌లా చూపిస్తాయి. ఐఫోన్‌లో లైవ్ ఫొటో తీసి, తర్వాత దానికి లాంగ్ ఎక్స్‌పోజర్ ఎఫెక్ట్ ఎంచుకోవచ్చు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఈ సదుపాయం ఉంది. పిక్సెల్ 6 నుంచి ఆ ఫోన్లలో మోషన్ మోడ్ ఇదే పని చేస్తుంది. ఇవేవీ లేకపోతే ఫోన్‌ను కదలకుండా నిలిపి రెండు మూడు సెకన్ల 4కే వీడియో తీసి, కంప్యూటర్‌లో దాని ఫ్రేములను సగటు చేయండి. వేగంగా పడే నీటిలో అప్పుడప్పుడు చారకు బదులు చుక్కల వరుస కనిపిస్తుంది, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ వల్ల వచ్చే లోపం అది. మెల్లగా పారే నీటిలో ఆ తేడా దాదాపు తెలియదు. ఏ పద్ధతిలోనైనా ఫోన్ చేతిలో పట్టుకుంటే రాళ్లు కూడా కదులుతాయి, చిన్న స్టాండ్ తప్పనిసరి.

ప్రశ్న: వాగు మధ్యలో ఉన్న బండ మీద నుంచి తీస్తే ఫొటో బాగుంటుందని మిత్రులు అంటున్నారు. నీరు మోకాలి లోతే ఉంది. వెళ్లవచ్చా? (ఒక పాఠకుడు, పరకాల)

జవాబు: వెళ్లవద్దు. ఈ మాటను మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. లాంగ్ ఎక్స్‌పోజర్ తీసేవారి కళ్లు కెమెరా తెర మీద, వీపు ఎగువ వైపు ఉంటాయి. చెవుల నిండా నీటి హోరు ఉంటుంది కాబట్టి పెరిగే శబ్దం విడిగా వినపడదు. మన వాగులకు నీరు వచ్చేది మీరు నిలబడ్డ చోట పడిన వానతో కాదు, ఎగువ అడవుల్లో పడిన వానతో. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64 సెంటీమీటర్లకు పైగా వర్షం పడింది. అప్పుడే మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. అదే వారంలో ముత్యంధార జలపాతం చూడబోయినవారు తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు, సహాయ బృందాలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది.

ఒడ్డున ఉన్నా కొన్ని గుర్తులు చూస్తూ ఉండండి. తేటగా ఉన్న నీరు ఎర్రబడినా, పుల్లలు, ఎండుటాకులు గుంపులుగా కొట్టుకురావడం మొదలైనా, ఇంతకుముందు పొడిగా ఉన్న రాయి తడిసినా వెంటనే సామాను సర్దుకుని ఎత్తైన చోటికి వెళ్లిపోండి. ట్రైపాడ్ కోసం ఆగకండి. ఎల్లంపల్లి లాంటి ప్రాజెక్టుల దిగువన గేట్లు ఎత్తితే నది మట్టం వాన లేకుండానే పెరుగుతుంది, హెచ్చరిక వచ్చిన రోజున నదిలోకి దిగకండి. జలపాతాల దగ్గర అటవీ శాఖ సిబ్బంది ఆపితే వాదించకండి. బండ మీద నుంచి కనిపించే ఫ్రేము కావాలంటే ఒడ్డు నుంచే, దూరాన్ని దగ్గరగా చూపే టెలీ లెన్స్ వాడండి. పాకుడు పట్టిన రాయి మీద ఎంత మంచి చెప్పులూ నిలవవు.

ప్రశ్న: నీరు నిజంగా అలా ఉండదు కదా. లాంగ్ ఎక్స్‌పోజర్ ఫొటో అబద్ధం చెప్పినట్టు కాదా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, జగిత్యాల)

జవాబు: మీ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే 1/2000 సెకనులో గాలిలో ఆగిపోయిన నీటి బొట్టును కూడా మన కన్ను ఎన్నడూ చూడలేదు. దాన్ని నిజమని ఒప్పుకున్నవాళ్లు దీన్ని అబద్ధమని అనలేరు. ఫొటోగ్రఫీ మొదలైన 1839 నాటి పలకలకు నిమిషాల తరబడి వెలుగు కావలసి వచ్చేది, 1851లో వచ్చిన తడి కొలోడియన్ పద్ధతిలో కూడా సాధారణంగా సెకన్లు పట్టేవి. అందుకే ఆనాటి ఫొటోల్లో నదులు, జలపాతాలు ఎక్కువగా నునుపుగానే కనిపిస్తాయి. 1850ల్లో ఫ్రాన్స్‌లో ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రపు అలలను అలలుగా పట్టుకున్నప్పుడు జనం ఆశ్చర్యపోయారు. అంటే మనం ఇవాళ ప్రత్యేకంగా కష్టపడి తీస్తున్నది ఒకప్పుడు తప్పించుకోలేని స్థితి.

కానీ ఒక చోట మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. వరద వార్తకు వేసే ఫొటోను ముప్పై సెకన్లతో తీయకూడదు. ఉరకలెత్తే వరద ఆ ఫొటోలో నిండు చెరువంత ప్రశాంతంగా కనిపిస్తుంది, చూసినవాళ్లు ప్రమాదాన్ని తక్కువ అంచనా వేస్తారు. వార్తా ఫొటోకు 1/500 సెకనే ధర్మం. ప్రదర్శనకు పంపే ఫొటోలకైతే ఎన్ని సెకన్లు తెరిచారో పక్కన రాస్తే చాలు.

ప్రశ్న: ముప్పై సెకన్ల ఫొటో తీశాక కెమెరా మరో ముప్పై సెకన్లు పని చేయడం లేదు. చెడిపోయిందా? (ఒక పాఠకుడు, కాజీపేట)

జవాబు: చెడిపోలేదు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే సదుపాయం ఆన్‌లో ఉంది. కెమెరా మొదటి ఫొటో తర్వాత షటర్ మూసే ఉంచి అంతే సమయం ఇంకో నల్లటి ఫొటో తీసి, సెన్సర్ వేడెక్కడం వల్ల వచ్చిన తప్పుడు చుక్కలను దాని సాయంతో మొదటి దానిలోంచి తీసేస్తుంది. ఎండాకాలంలో ఆ చుక్కలు ఎక్కువ, అప్పుడు దాన్ని ఆన్‌లోనే ఉంచండి. రెండు మూడు సెకన్ల లోపు ఫొటోలకు దాని అవసరం అంతగా ఉండదు, మెనూలో ఆపేయవచ్చు. ఆన్‌లో ఉన్నప్పుడు ఆ రెండో ముప్పై సెకన్లు పూర్తి కాకముందే బ్యాటరీ తీయకండి, తీస్తే అసలు ఫొటో కూడా పోతుంది.